ఐదు రోజులకు పారేసిన ఉత్తరాలు

ముందు పోయినవి లెక్కపెడతాను. నూట నలభై మూడు ఈమెయిళ్లు. అందులో గోదావరి ఒడ్డు కేంద్రానివి అరవై ఒకటి, రెండో కేంద్రానివి నలభై ఏడు, మూడోదానివి ముప్పై ఐదు. బూజు పట్టిన మిర్చి నలభై ఆరు బస్తాలు. తొమ్మిదేళ్ల ఉద్యోగం ఒకటి. ఆ ఉద్యోగం నాది కాదు. నాదే అయితే ఇంత కోపం ఉండేది కాదేమో.

నేను వరంగల్‌లో ఒక మిర్చి వ్యాపారి దగ్గర పని చేస్తాను. ఇంటర్ దాకా చదివి కాంటా దగ్గర బరువులు రాసే పనిలో చేరాను. కంప్యూటర్లు వచ్చాక వాటిని చూసుకునేవాడు లేక నేనే పుస్తకాలు తెచ్చుకుని నేర్చుకున్నాను. మా సేటుకు అడవి వైపు ఊళ్లలో మూడు కొనుగోలు కేంద్రాలున్నాయి. అక్కడ ఫోను సిగ్నల్ ఉంటే ఉంటుంది, లేకపోతే రెండు మూడు రోజులు ఉండదు. వాన పడితే వారం. ఇవాళారేపు ఇంటర్నెట్ లేని చోటు ఉందా అని హనుమకొండలో కూర్చున్నవాళ్లు నన్ను అడుగుతారు. వాళ్లను ఒకసారి ఆ బస్సు ఎక్కించాలనిపిస్తుంది.

అందుకని ఒక ఏర్పాటు చేశాను. ఆఫీసులో ఒక మెయిల్ సర్వర్, ఒక్కో కేంద్రంలో అరచేయంత చిన్న సర్వర్. ఆఫీసు నుంచి, బయటి నుంచి కేంద్రాలకు వచ్చే ఉత్తరాలన్నీ వరంగల్ సర్వర్ దగ్గర ఆగుతాయి. మామూలుగా సర్వర్ అయితే పావుగంటకోసారి అవతలి తలుపు కొట్టి చూస్తుంది. ఇంట్లో లేనివాళ్ల తలుపు ఎన్నిసార్లు కొడితే ఏం లాభం? అందుకే కొట్టవద్దని దానికి చెప్పాను. కేంద్రంలో సిగ్నల్ రాగానే అక్కడి చిన్న సర్వరే దీన్ని పలకరిస్తుంది: నేను వచ్చాను, నావి ఉంటే ఇవ్వు అని. అప్పుడు ఇది ఆపి ఉంచినవన్నీ వరసగా పంపుతుంది.

ఇందులో అసలు ప్రశ్న ఒక్కటే. ఎన్ని రోజులు ఆపి ఉంచాలి? సర్వర్‌ను ఊరికే వదిలేస్తే ఐదు రోజులు చూసి, ఇక అందదని ఉత్తరాన్ని పంపినవాళ్లకే వాపసు చేస్తుంది. నేను రెండేళ్ల రికార్డు తీసి, ఏ కేంద్రం ఎన్ని రోజులు మూగబోయిందో రాసుకున్నాను. అన్నిటికన్నా ఎక్కువ పందొమ్మిది రోజులు. ఆ ఏడాది వాగు పొంగి రోడ్డు తెగింది. పందొమ్మిదికి పదకొండు కలిపి ముప్పై పెట్టాను. ఐదేళ్లలో ఒక్క ఉత్తరం పోలేదు.

మా సేటుకు ఒక పట్టింపు ఉంది. పొద్దున కొట్టు తెరవగానే దేవుడి పటానికి అగరుబత్తి వెలిగించి, అదే అగరుబత్తిని కంప్యూటర్ చుట్టూ మూడుసార్లు తిప్పి, అప్పుడు మెయిల్ తెరుస్తాడు. మొదట కనపడే ఉత్తరం ఆయనకు బోణీ లాంటిది. ఒకరోజు బోణీకి తెరిస్తే, తప్పు అడ్రసుకు పంపిన ఉత్తరం వాపసు వచ్చి కూర్చుంది.

"పొద్దుగాల పొద్దుగాల వాపసు మొహం చూడాల్నానయ్యా? ఇగ ఈ దినమంత గంతే. ఇసొంటివి నాకు కనపడొద్దు."

"అవి తెలుస్తనే మంచిది సేట్."

"నువ్వు తెలుసుకో. నాకు కనపడొద్దు."

ముప్పై రోజుల గడువు ఉండగా కేంద్రాల ఉత్తరాలు ఎలాగూ వాపసు రావు కదా అని లెక్క వేసుకున్నాను. వాపసులన్నిటినీ సర్వరే పారేసేటట్టు ఒక వరుస రాశాను. నా చేతులతో రాశాను. నా పేరిట వాటికి ఒక డబ్బా పెట్టుకుని రోజూ చూసుకోవాల్సింది. పెట్టుకోలేదు. ఈ లెక్కలో నా వాటా ఇది.

మేడారం జాతరకు నెల ముందు సర్వర్ పాతదైందని సేటు హైదరాబాద్ నుంచి ఒక ఇంజినీరును పిలిపించాడు. పాతికేళ్లు దాటి ఉండవు. మర్యాదస్తుడే. నేను మార్చకూడని సంగతులన్నీ రెండు పేజీల్లో రాసి ఇచ్చాను. రెండో పేజీలో మూడో వరుస: గడువు ముప్పై రోజులు. కింద గీత కూడా గీశాను. అతను కాగితం మడిచి బ్యాగులో పెట్టుకున్నాడు.

"అంకుల్, ఇవన్నీ పాత పద్ధతులు. కొత్తదాంట్ల అంతా అదే చూసుకుంటది."

"గడువొక్కటి చూడు బాబూ."

"చూస్త అంకుల్, ఫికర్ చేయకుండ్రి."

పోయే ముందు సేటును అడిగాడు, మీకు ముఖ్యంగా ఏం కావాలని. సేటు చెప్పింది ఒక్కటే, వాపసువి కనపడొద్దని. ఆ ఒక్క వరుస అచ్చంగా కొత్త సర్వర్‌లోకి వచ్చింది. ముప్పై రాలేదు. ఐదు అలాగే ఉండిపోయింది. నేను మూడు కేంద్రాలకూ ఉత్తరాలు పంపి చూశాను. మధ్యాహ్నానికల్లా అందాయి. ఐదు రోజుల తర్వాత జరిగేది ఒక మధ్యాహ్నంలో తెలియదు కదా. అది నాకు తట్టలేదు.

మేడారం జాతర వచ్చింది. ఆ దారిలో బండ్లన్నీ ఒకవైపే పోతాయి, మిర్చి లారీ కదలదు. మూడు కేంద్రాలూ ఎనిమిది రోజులు మూసేశారు. తెరిచినా లాభం లేదు, లక్షల ఫోన్లు ఒక్కసారి వచ్చి పడితే ఉన్న సిగ్నల్ కూడా చచ్చిపోతుంది. ఇది ప్రతి జాతరకూ ఉండేదే. ముప్పై పెట్టినప్పుడు నేను లెక్కలోకి తీసుకున్నదే.

మూసిన మొదటి రోజే సేటు మూడు కేంద్రాలకూ ఉత్తరం పంపాడు. ఇంతకుముందు పన్నెండు శాతం తేమ ఉన్న కాయ దాకా కొనేవాళ్లం, ఇక పది దాటితే వద్దు, సరుకు విదేశానికి పోతుంది అని. గోదావరి ఒడ్డు కేంద్రాన్ని తొమ్మిదేళ్లుగా నడిపేది ఒక ఆడమనిషి. నన్ను అన్నా అంటుంది, నేను చెల్లె అంటాను. తేమ మిషన్ కన్నా ముందే కాయను చేత్తో విరిచి అంకె చెప్పేది. మిషన్‌కూ ఆమెకూ అర శాతం తేడా వచ్చేది. చాలాసార్లు ఆమెదే నిజం. తొమ్మిదో రోజు కేంద్రం తెరిచింది. చిన్న సర్వర్ పలకరించింది. ఇరవై రెండు ఉత్తరాలు వచ్చాయి. అవి చివరి రోజులవి. మొదటి నాలుగు రోజులవి అప్పటికే గడువు తీరి, వాపసు చెప్పకుండా, చెత్తలోకి పోయాయి. పంపినవాళ్లకు తెలియదు. అందుకోవాల్సినవాళ్లకు తెలియదు. మిగతా రెండు కేంద్రాలకు ఆ వారం సరుకు రాలేదు. ఆమెకు వచ్చింది. పాత లెక్క ప్రకారమే పన్నెండు దాకా తీసుకుంది.

మూడు వారాలకు కోల్డ్ స్టోరేజీలో నలభై ఆరు బస్తాలకు బూజు పట్టింది. సేటు ఆమెను వరంగల్ పిలిపించాడు. నేను పక్క బల్ల దగ్గరే ఉన్నాను.

"ఉత్తరం పంపిన్నా లేదా? ఇగో, నా దాంట్ల ఉన్నది. తారీకు చూడు."

"నాకు రాలే సేట్."

"ఇరవై రెండు వచ్చినయట, ఇదొక్కటే రాలేదట. తొవ్వల ఎవలన్న దోచుకున్నరా?"

"రాంది వచ్చిందని ఎట్ల చెప్త? అన్నను అడుగుండ్రి."

సేటు నా వైపు తిరిగాడు. "ఏమయ్యా, సర్వర్ తప్పా?"

"కాదు సేట్. ముప్పై రోజులు ఆగుతయి, పోవు," అన్నాను.

అన్నీ రెండుసార్లు కూడే నేను, కాంటా మీద బస్తా దింపి మళ్లీ ఎక్కించే నేను, లేచి నాలుగు అడుగులు వేసి చూడకుండా ఆ మాట అన్నాను. ఆమె నా మొహం చూసింది. సేటు ఇక పనికి రావద్దన్నాడు. తేమ మిషన్ తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్లి కాజీపేట ఆటో ఎక్కింది.

పన్నెండు రోజుల తర్వాత మా మిర్చి కొనే ఒక నూనె వ్యాపారి ఫోన్ చేసి, రెండో కేంద్రానికి పంపిన ఉత్తరానికి జవాబు లేదేమని అడిగాడు. అప్పుడు సర్వర్ చిట్టా తెరిచాను. ఏ ఉత్తరం ఎప్పుడు వచ్చింది, ఏమైంది అని అది వరుసకొకటి రాసుకుంటుంది. గడువు తీరింది, గడువు తీరింది, గడువు తీరింది. మొదటిసారి నూట నలభై రెండు వచ్చింది. మళ్లీ లెక్కపెడితే నూట నలభై మూడు. మూడోసారీ అంతే. తేమ ఉత్తరం పదిహేడో వరుసలో ఉంది.

ఇంజినీరుకు ఫోన్ చేశాను.

"ఐదు రోజులు ప్రపంచమంతా అదే అంకుల్. డిఫాల్ట్."

"ప్రపంచమంతా జాతరకు పోతదా బాబూ? రెండో పేజీ మూడో వరుస చదివినవా?"

"ఏ పేజీ అంకుల్?"

ఆ కాగితం ఆ బ్యాగులోనే ఇంకా ఉండవచ్చు. ఇక్కడి మనిషి ఇక్కడి వాగును, ఇక్కడి రోడ్డును చూసి కట్టిన అంకెకు విలువ లేదు. ఎక్కడో ఎవరో, ఎప్పుడూ కరెంటు ఉండే గదిలో కూర్చుని పెట్టిన అంకె మాత్రం ప్రపంచమంతటిది. నాకు ఇంగ్లీషు తడబడుతుంది, కానీ పందొమ్మిది ఐదు కన్నా పెద్దదని తెలుసు.

చిట్టాను పదకొండు కాగితాల మీద అచ్చు తీసి సేటు ముందు పెట్టాను. పదిహేడో వరుసకు ఎర్ర గీత గీశాను. నేను రాసిన పారేసే వరుస సంగతీ దాచకుండా చెప్పాను.

"అయితే ఇప్పుడేమంటవు?"

"ఆమెకు ఉత్తరం అందలేదని రెండు ముక్కలు రాసియ్యుండ్రి సేట్. ఇంకో కొట్టుల పనికి అడిగిందట. ఎందుకు తీసేసిండ్రని వాళ్లు అడుగుతుండ్రట. ఆ కాగితం ఉంటే తీసుకుంటరు."

"నేను పంపింది నిజం గాదా?"

"నిజమే సేట్."

"మరి నేనెందుకు రాసియ్యాలె? మంచి దినం చూసి చూద్దాం తియ్యి."

కాగితాల మీద తూకం రాయి పెట్టాడు. ఆయన కళ్లకు వాపసు ఆనకూడదని పారేశాం. ఇప్పుడు ఆ పారేసిన సంగతి కూడా ఆయన కళ్లకు ఆనకూడదు. ఈ మంచి దినం కోసం నేను నాలుగు అమావాస్యలు లెక్కపెట్టాను.

చిట్టా చూపిన సాయంత్రమే గడువు ముప్పై చేశాను. వాపసులు నా డబ్బాకు వచ్చేటట్టు మార్చాను, ఎవరి బోణీ ఏమైనా సరే. నూట నలభై మూడులో ఎనభై ఎనిమిది మా ఆఫీసు నుంచి పోయినవే, నకళ్లున్నాయి. మళ్లీ పంపాను. తక్కిన యాభై ఐదు బయటివాళ్లవి. ఒక్కొక్కరికీ క్షమాపణ రాసి మళ్లీ పంపమన్నాను. నలభై ఒకటి వచ్చాయి. పద్నాలుగు రాలేదు.

చెల్లెకు ఫోన్ చేసి చిట్టా చదివి వినిపించాను. పదిహేడో వరుస దాకా ఊకొడుతూ విన్నది.

"గీ మాట గా దినం చెప్తె అయిపోవు గదనే అన్నా."

"అవును చెల్లె."

"ఇప్పుడు నువ్వు చెప్తె వాళ్లకు నడవదట. కొట్టు పేరు మీద కాగితం కావాల్నట."

నా సంతకంతో నేను ఒకటి రాసి పంపాను. కాంటా గుమాస్తా సంతకం ఎవరికి కావాలని అక్కడివాళ్లు పక్కన పెట్టారట. ఆమె ఇప్పుడు కూలికి కాయ ఏరుతోంది, పన్నెండు శాతమో పదో చేత్తోనే చెప్పగలిగిన మనిషి.

నెల మొదటి తారీకున నేను సర్వర్ పక్కనున్న బోర్డు మీద అంకె రాస్తాను. సేటు అటుగా పోతూ చూస్తాడు, ఏమిటని అడగడు. బయటి నుంచి రావాల్సినవి పద్నాలుగు. అవి ఇక వస్తాయన్న ఆశ నాకు లేదు. వాటికి ఆయన బల్ల మీది నుంచి కదలాల్సిన రెండు ముక్కల ఉత్తరం ఒకటి కలపాలి. నేటికి బాకీ పదిహేను.