ఎండ కాచుకున్న పింజరి

చలి దేశాల పాములు కొన్ని గుడ్లు పెట్టకుండా పిల్లల్నే ఎందుకు కంటాయో మనవరాలు పరీక్షకు పైకి చదువుకుంటుంటే, నేను ఒలుస్తున్న చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. నాకు అక్షరాలు కూడబలుక్కుని చదవడమే గాని రాయడం రాదు కాబట్టి, నేను చెప్పేది చెప్పినట్టు రాయమ్మా అని దాన్నే కూర్చోబెట్టుకున్నాను.

నన్ను కని మా అమ్మ పోయింది. పెళ్లయి పలమనేరు పక్క పల్లెకు వచ్చి, మాఘమాసం చలిలో ఐదో నెల కడుపుతో ఉన్నప్పుడు, టమాటా తోట గట్టున బండ మీద రక్తపింజరి ఒకటి రోజూ పొద్దున్నే ఎండకు పడుకుని, నీడ వచ్చేకొద్దీ ఎండవైపు జరగడం చూశాను. మా ఆయన కట్టె ఎత్తాడు.

"కొట్టేదెందుకురా, అది కడుపుతో ఉండాది. పిల్లలు కడుపు చీల్చుకోని వస్తాయి, అదే సస్తాది" అన్నది మా అత్త.

నేను ఆయన ఎత్తిన కట్టె పట్టుకుని ఆపి, "సస్తాదో బతుకుతాదో నేను సూడాల" అన్నాను. ఆయన నా మొహం చూసి కట్టె దించి, ఎవరూ అటు పోకుండా ముళ్లకంప అడ్డం వేశాడు. ఆయనకు పట్టుకున్న సందేహం వేరు.

"నాగుపాము గుడ్లు పెడతాది, జెర్రిపోతు పెడతాది, దీనికేం రోగం మే, కడుపులో మోసుకోని తిరిగేదానికి?" అని, నేనేదో చదువుకున్నదాన్నైనట్టు తొలకరి దాకా నన్నే అడిగేవాడు.

తొలివాన మర్నాడు దూరం నుంచి చూస్తే, బండ పక్కన జానెడు పిల్లలు మెసులుతున్నాయి, తల్లి వదులైన పొట్టతో మెల్లగా పొదలోకి జారిపోయింది. చీలిందీ లేదు, చచ్చిందీ లేదు. ఎన్నాళ్లకో ఆ పూట కడుపునిండా తిన్నాను. పది రోజులకు కొడుకు పుట్టాడు, నేనూ బతికాను.

మనవరాలు చెప్పేదేమంటే, చలి నేలలో పెట్టిన గుడ్లు సరిగా పిల్లలు కావట. గుడ్లను ఇంకొన్నాళ్లు కడుపులోనే ఉంచుకుని ఎండకు తిరిగిన తల్లుల పిల్లలే ఎక్కువ బతికి, ఆ గుణం తరతరాలకు ముదిరి, పెంకు పలచబడి, చివరికి పిల్లలే పుట్టసాగాయట. మరి మన పింజరిది చలి దేశమా అంటే, "దాని పూర్వీకులు యాడన్నా చలిలో ఉండినాయేమో అవ్వా, ఖాయంగా తెలీదు" అంది.

ఆ బండను రోడ్డుకు కంకర కొట్టేశారు, పలమనేరులో ఆనాటి చలీ లేదు. మా ఆయన అడిగినదానికి జవాబు ఇన్నాళ్లకు ఇంటికొచ్చింది. దగ్గర కూర్చుని, "అయితే ఆ పెంకు ఏమయింది మే" అని మళ్లీ అడిగే మనిషే లేడు.