మామ్మ చెవి, ప్రైమరీ చైను

మొన్న రాజమండ్రిలో మెకానిక్ నా బండి ఎడమవైపు కవరు విప్పగానే ఒక వాసన వచ్చింది. కొందరికి జాజిపూల వాసన తగిలితే బాల్యం గుర్తొస్తుందట, ఇంకొందరికి తొలకరి మట్టి వాసన. అదృష్టవంతులు. నాకు మాత్రం ఏడాదిపాటు చీకట్లో మగ్గి, క్లచ్చి ప్లేట్ల మసి కలిసి, మాడిన పకోడీల మూకుడులా ఘాటెక్కిన ఇంజనాయిలు వాసన తగిలితేనే పాలకొల్లు దగ్గర మా ఊరూ, మా అరుగూ, ఆ అరుగు మీద సింహాసనం లాంటి నవారు మంచమూ, దాని మీద మా మామ్మా కళ్ళముందుకొస్తారు.

మా తాతయ్య పోతూ పోతూ పెదనాన్నకీ నాన్నకీ ఉమ్మడిగా వదిలి వెళ్ళినది ఒక మోటారుసైకిలు. అది స్టార్టయితే పక్కవీధిలో కొబ్బరికాయలు రాలేవని మేం చెప్పుకునేవాళ్ళం. పక్కవీధి వాళ్ళు కూడా కాదనలేదు. వెనక చక్రానికుండే చైను అందరికీ కనబడుతుంది, అందరూ తుడుస్తారు. ఇంజను బలాన్ని క్లచ్చికి అందించే ప్రైమరీ చైను అలా కాదు. ఎడమవైపు కవరు వెనక, నూనెలో మునిగి, పరదా చాటు మహారాణిలా ఉంటుంది. మా ఇంట్లో ఆ మహారాణి దర్శనం ఏడాదికొక్కసారి. నాన్న బడిపంతులు కాబట్టి వేసవి సెలవుల్లో, కాలువలు కట్టేసి ఊరంతా ఆవకాయ పెట్టుకునే రోజుల్లోనే ముహూర్తం.

అందుకని మా అరుగుకి ఒక పక్క మామిడి ముక్కలూ, ఆవపిండీ, కళ్ళు మండించే కారమూ, బేసిన్లో నువ్వుల నూనే ఉంటే, రెండో పక్క ఫుట్‌రెస్టూ, బ్రేకు పెడలూ, చంద్రబింబమంత కవరూ, ఇంకో బేసిన్లో నల్లటి నూనే ఉండేవి. ఈ రెండు బేసిన్లూ తారుమారైతే మా వంశం ఏమవుతుందోనని అమ్మ మధ్యలో ముగ్గు గీత గీసేది. ఆ గీతకున్న గౌరవం రెండు దేశాల సరిహద్దుకి కూడా ఉండదు.

నాన్న చైను ఊడదీసి రెండు చేతులతో అడ్డంగా పట్టుకునేవాడు. కొత్త చైనైతే బద్దలా నిలబడుతుంది. అరిగిందైతే ఎండకు వడలిన అరటాకులా వంగిపోతుంది. పళ్ళచక్రం పళ్ళు నిటారుగా ఉన్నాయా, కొక్కేల్లా ఒకవైపుకి ఒరిగాయా అని వేలితో తడిమేవాడు. చైను కింద ఒరుసుకుంటూ దాన్ని బిగువుగా ఉంచే పట్టీ మీద గాడి ఎంత లోతు పడిందో చూసేవాడు. అమ్మ ఆ నల్లటి నూనెను పాత పంచె గుడ్డలో వడకడితే, మామ్మ ఆ గుడ్డను ఎండకు పెట్టి కంసాలిలా కళ్ళు చికిలించేది. సన్నటి మెరుపుంటే "ఏం పర్లేదు, ఒళ్ళు అరిగింది," అనేది. చిన్న రేకుముక్క కనబడిందో, లోపల ఏదో విరిగిందని ఇంటిల్లిపాదికీ ఆ పూట అన్నం సహించేది కాదు.

ఒక వేసవిలో బండి గలగలమనడం మొదలెట్టింది. ఆవకాయ దాకా ఆగలేక, నాన్న కవరుకున్న చిన్న మూత తీసి, వేలు పెట్టి, చైను వదులుగా ఉందని అక్కడికక్కడే బిగించేశాడు. గలగల పోయింది. దాని బదులు ఊళ మొదలైంది. మామూలు ఊళ కాదు. మా ఊరి కుక్కలన్నీ సిగ్గుపడి ఊళ మానేశాయి.

సరిగ్గా ఆ సాయంత్రమే పెదనాన్న వచ్చాడు. మనిషి వస్తే వాకిలి నిండిపోయేది.

"ఏంట్రా, బండి శోకాలు పెడుతోంది? ఇంజను అయిపోయినట్టే. మండపేట రైసుమిల్లు ఆయన కొంటానంటున్నాడు, ఇచ్చేద్దాం."

"ఇంజనుకేం కాలేదన్నయ్యా."

"అయితే రేపు నన్నెక్కించుకుని ద్రాక్షారామం తీసుకెళ్ళి తీసుకురా. దారిలో ఆగినా, ఇలా ఏడ్చినా, ఎల్లుండి అమ్మేయడమే. సగం వాటా నాది."

పెదనాన్న వెనక కూర్చుంటే ముందు చక్రం నేలను మర్చిపోతుంది. నాన్న మొహం చూశాను. రోజూ బడికి వెళ్ళేది ఆ బండి మీదే. అంతకంటే, తాతయ్య చేతి గుర్తుగా ఇంట్లో మిగిలింది అదొక్కటే. నాన్న ఒప్పుకున్నాడు.

పెదనాన్న గుమ్మం దాటాడో లేదో, మంచం మీంచి మామ్మ గొంతు లేచింది.

"ఒరేయ్, చైను ఎక్కడ చూసి బిగించావు?"

"ఎక్కడంటే? మూత తీసి చూశానే."

"అలా కాదురా. తిప్పి చూశావా?"

మామ్మ దిగింది. మామ్మ మంచం దిగడం మా ఇంట్లో గోదావరికి వరద రావడంతో సమానం. బండి పక్కన పీట వేయించుకుని, గాజులు పైకి లాక్కుని, ఆ కన్నంలో చిటికెన వేలు పెట్టింది. ఇంజను తేలిగ్గా తిరగాలని నాన్న ప్లగ్గు విప్పేసి కిక్కురాడ్డు చేత్తో మెల్లగా తిప్పుతున్నాడు. "వదులు... వదులు... ఇంకా వదులు..." అంటూ, మామ్మ ఉన్నట్టుండి, "ఆపు! ఇక్కడ చూడు, వీణ తీగలా ఉంది. చైను అంతా ఒకేలా అరుగుతుందేంట్రా? వదులుగా ఉన్నచోట చూసి బిగిస్తే, బిగువుగా ఉన్నచోట దాని పీక నొక్కినట్టు కాదూ? మరి ఏడవక పాడుతుందా?" అంది.

"నీకెలా తెలుసే అమ్మా?"

"మీ నాన్న వెనక ఇంత కాలం కూర్చున్నాను. ఆయన చెప్పేది వినబడేది కాదు, చైను చెప్పేదే వినబడేది."

అన్నిటికన్నా బిగువున్నచోట ఆపి, మామ్మ చిటికెన వేలి కొన మందాన చైను పైకీ కిందికీ ఆడేలా నాన్న వదులు చేశాడు. లాకునట్టు బిగించాడు. మామ్మ మళ్ళీ ఒక చుట్టు తిప్పించి, "ఇప్పుడు ఊపిరాడుతోంది," అని చేయి కడుక్కుని వీధంతా తిరిగి చెప్పుకొచ్చింది. మూడో ఇంటికి చేరేసరికి ఇంజను మొత్తం తనే విప్పి బిగించింది.

మర్నాడు పొద్దున్న ఇద్దరూ బయల్దేరారు. పెదనాన్న బరువుకి బండి ఒకసారి మూలిగింది గానీ ఊళ పెట్టలేదు. సాయంత్రం అయ్యేసరికి అమ్మా నేనూ గుమ్మంలో, మామ్మ ఏకంగా వీధి మలుపులో నిలబడ్డాం. దుమ్ము లేదు, బండి లేదు, ఏమీ లేదు. మామ్మ మాత్రం చెవి ఒగ్గి, చేయెత్తి, ఎన్నికల ఫలితం ప్రకటించినట్టు అరిచింది: "వస్తున్నాడు! ఏడుపు లేదు!"

చాలాసేపటికి నాకు వినబడింది. దుగ్ దుగ్ దుగ్, అంతే. పెదనాన్న దిగి, నడుం పట్టుకుని, ఓడిపోయానని ఎక్కడ ఒప్పుకోవలసి వస్తుందోనని బండి చుట్టూ తిరిగి, చివరికి తీర్పు చెప్పాడు: "చైను సంగతి సరేరా, సీటు మరీ గట్టిగా ఉంది. అమ్మేముందు మార్పించాలి." ఆ సీటు మార్పించనూ లేదు, బండి అమ్మనూ లేదు. ఆ ఏడాది ఆవకాయ కూడా మరే ఏడాదీ కుదరనంత బాగా కుదిరింది. నా లెక్కలో అదీ చైను గొప్పే.

మొన్న రాజమండ్రిలో విప్పించింది ఆ బండే. ఇప్పుడొచ్చే బళ్ళలో చాలావాటికి ఆ చైనే ఉండదు, పళ్ళచక్రాలే ఒకదాన్నొకటి కరుచుకుని తిరుగుతాయి. విప్పి చూసేదేమీ ఉండదు. ఆవకాయ సీసాల్లో వస్తోంది. అరుగు లేదు, ముగ్గు గీత గీయడానికి రెండో బేసినూ లేదు.

"ఆయ్, బిగించేశానండి," అన్నాడు మెకానిక్.

"తిప్పి చూశారా?" అని, కవరు కన్నంలో చిటికెన వేలు పెట్టి నిలబడ్డాను. ఆయన నవ్వుతూనే తిప్పాడు. ఒకచోట బిగువు తగిలింది. అక్కడ ఆపించి, వేలి కొన ఆడేదాకా వదులు చేయించాను.

ఇంటి దారిలో దుగ్ దుగ్ తప్ప ఇంకో శబ్దం లేదు. మా వీధి మలుపు రాగానే బండి నెమ్మది చేశాను. అక్కడ ఎవరూ లేరు. అందుకని నేనే చేయెత్తి గట్టిగా అరిచాను: "ఏడుపు లేదు!"

మేడ మీద బట్టలారేస్తున్న పక్కింటావిడ తొంగిచూసి, "ఎవరికండీ చెబుతున్నారు?" అన్నారు.

"ఈ కబురు ముందే చెప్పేసేవారు ఒకరుండేవారండి," అన్నాను.