వెండి పళ్ళెంలో దరఖాస్తు

మేం బీదవాళ్లం కావడానికి ఒక్క పూట చాలింది. మా ఆయన జురాంగ్ ఫ్యాక్టరీలో జారిపడి నడుం విరగ్గొట్టుకున్నారు, అంతే. బీదవాళ్లమని ప్రభుత్వానికి నమ్మకం కలిగించడానికి మాత్రం నెలలు పట్టింది. జీతం కాగితం, జీతం ఆగిన కాగితం, డాక్టరు కాగితం, ఇవన్నీ మావేనని ఇంకో కాగితం. సాయం అందితే మా ఆరేళ్ల పాప కిండర్‌గార్టెన్ ఫీజు ప్రభుత్వమే చూసుకుంటుంది. అందకపోతే పై నెల నుంచి పాప ఇంట్లోనే.

చివరికి ఓ ఆఫీసరమ్మ బూన్ లేలోని మా ఫ్లాట్ చూడటానికి వస్తానంది.

బుద్ధి ఉన్నవాళ్లు ఇల్లు ఉన్నదున్నట్టు ఉంచుతారు. మాకంత బుద్ధి ఎక్కడిది? మలేషియా రబ్బరు తోటల్లో పుట్టి పెరిగిన మా అత్తగారు పొద్దున్నే ఎదురింటికి వెళ్లి వెండి పళ్ళెం అడిగి తెచ్చారు.

"గవర్నమెంటు మనిషి ఇంటికొస్తా ఉంటే ప్లాస్టిక్ ప్లేటులో పెడతామా? మానం పోతాది" అన్నారు.

నేనూ తక్కువ తినలేదు. పెళ్లినాటి పట్టుచీర కట్టుకుని, వన్‌గ్రామ్ గోల్డ్ హారం వేసుకున్నాను. సాయం కోసం ఇంత నిండుగా ముస్తాబైన వాళ్లను ఆమె తన సర్వీసులో చూసి ఉండదు.

ఆమె వచ్చి కూర్చోగానే అత్తగారు గారెలు, జీడిపప్పు ఉన్న పళ్ళెం ముందు పెట్టి, "మకాన్, మకాన్" అంటూ తినమని వెంటపడ్డారు. ఇంట్లో ఇబ్బందులేమిటని ఆమె అడిగితే, తనకొచ్చిన మలయ్‌లో, మాకేం లోటు లేదని, దేవుడు చల్లగా చూస్తున్నాడని గొప్పగా చెప్పారు. ఆఫీసరమ్మ పళ్ళేన్నీ, నా హారాన్నీ ఓసారి చూసి పెన్నుకు మూత పెట్టింది. ఇక సాయం రానట్టే. ఇంటికొచ్చిన మనిషితో లేదని ఎలా చెప్పాలో నాకెవరూ నేర్పలేదు.

పాప గారె అందుకుంటూ ఆమెకేసి చూసి, బళ్లో నేర్చిన ఇక్కడి యాస ఇంగ్లీషులో అంది.

"ఆంటీ, దిస్ ప్లేట్ నాట్ అవర్స్ లా. నెయిబర్ వన్. ఎవ్రీడే వీ ఈట్ రైస్ అండ్ ఎగ్ ఓన్లీ. మమ్మీ నెక్లెస్ ఆల్సో ఫేక్."

అత్తగారు వంటింట్లోకి వెళ్లిపోయారు. నాకు పాపను నాలుగు బాదాలన్నంత కోపం వచ్చింది, నిజం చెప్పినందుకు. ఆఫీసరమ్మ నవ్వలేదు. మూత తీసి మళ్లీ రాయడం మొదలుపెట్టింది.

సాయం వచ్చింది. పాప చదువు ఆగలేదు. మా మానం కాపాడాల్సిన పళ్ళెం మాత్రం తోమించుకుని ఎదురింటికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఓ ఆదివారం లిటిల్ ఇండియాలో సరుకులు కొనుక్కుని, దూరపు చుట్టం ఒకావిడ మమ్మల్ని చూడటానికి వచ్చింది. నేను తలుపు తీయబోతుంటే పాప నా కొంగు పట్టుకుని ఆపింది.

"మమ్మీ, ఈ ఆంటీకి మనకి ఉందని చెప్పాలా, లేదని చెప్పాలా?"