ముత్తంగి దగ్గర ఆగిన 'అతిపెద్ద'

1994 ఫిబ్రవరి 9, బుధవారం, మధ్యాహ్నం మూడు గంటలు. సంగారెడ్డిలో మా దినపత్రిక జిల్లా కార్యాలయం. ఉన్నవారు: జిల్లా పేజీ బాధ్యుడిగా నేను, పేజీ అతికించే రాజేశ్వరి గారు, పటాన్‌చెరు విలేకరి యాదగిరి. నా డైరీలో ఈ మూడు పేర్ల కింద ఒకే మాట రాసి, గీత గీసి ఉంది: అతిపెద్ద.

నేను ఆ డెస్కుకు బదిలీ అయి అప్పటికి ఎనిమిది నెలలు. వార్త మొదటి వాక్యాన్ని మేము 'లీడ్' అంటాం. మా విలేకరులకు 'అతిపెద్ద' లేకుండా లీడ్ కదిలేది కాదు. ఆ ఎనిమిది నెలల్లో జిల్లాలోనే అతిపెద్ద నీళ్ళ ట్యాంకులు మూడు వెలిశాయి. జోగిపేట మార్కెట్లోకి అతిపెద్ద గుమ్మడికాయ రెండు వారాలకోసారి వచ్చేది. అందుకని ఒక పద్ధతి పెట్టాను. ఆ మాట రాసినవారు వార్తకు ఒక చీటీ జతచేయాలి: కొలిచింది ఎవరు, రెండో పెద్దది ఏది. చీటీ లేకపోతే మాట కొట్టేస్తాను.

యాదగిరి వార్తలకు అప్పటికే రెండు సవరణలు వేశాం, రెండూ ఆ మాటకే. మూడోది పడితే గుర్తింపు కార్డు వెనక్కి తీసుకోమని ప్రధాన కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. పటాన్‌చెరు దగ్గరి రైతు కుటుంబం ఆయనది. ఊళ్ళో నలుగురూ లేచి కుర్చీ వేసేది ఆ కార్డు చూసే.

ఆ రోజు తెచ్చిన వార్త ఇది: గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీకి ఉక్కు ట్యాంకు మోసుకుపోతున్న ట్రెయిలర్, కరెంటు తీగలు అడ్డొచ్చి ముత్తంగి దగ్గర పొద్దుటి నుంచి ఆగిపోయింది. లీడ్ మాత్రం 'ఆసియాలోనే అతిపెద్ద' అని మొదలైంది.

చీటీ ఏదని అడిగాను.

"చీటీ ఎందుకు సార్? మా ఊరు ఊరంత పోయి సూసొచ్చింది. మా మేనమామ కొబ్బరికాయ కొట్టి బొట్టు గూడ పెట్టిండు. గంతకన్న పెద్దది ఇంకేడుంటది?"

రాజేశ్వరి గారిది గోదావరి జిల్లా, భర్త ఉద్యోగం వల్ల ఇక్కడ స్థిరపడ్డారు. కత్తెర ఆపకుండానే అన్నారు: "ఆసియా ముత్తంగిలో మొదలై పటాన్‌చెరులో అయిపోదండీ యాదగిరి గారూ."

"మీరు జెర ఆగుండ్రి మేడం. సార్, ఆ మాట తీస్తే ఇంకేముంటది? రోడ్డు జామ్ అయిందని రెండు లైన్లు. పేజీల పైననే వస్తదని ఊర్ల అందరికి చెప్పిన. ఇజ్జత్ పోతది."

ఆరింటి బస్సుకు పేజీ హైదరాబాద్ ప్రెస్సుకు వెళ్ళాలి. యాదగిరిని ముత్తంగి వెళ్ళి, ట్యాంకు సంగతి ట్రెయిలర్ డ్రైవర్‌ను అడిగి, ఐదున్నరలోగా ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేయమన్నాను.

ఐదూ ఇరవైకి ఫోన్ మోగింది. అవతల యాదగిరి.

"సార్, డ్రైవర్ సర్దార్జీ నవ్వుతుండు."

ఎందుకని అడిగాను.

"ఇది చిన్నదంట సార్. బడా వాలా పీఛే ఆ రహా హై అంటుండు. పెద్దది ఎనక వస్తుందంట, జహీరాబాద్ దాటిందంట."

ఆసియా సంగతి అలా ఉంచితే, ఆ రోడ్డు మీద కూడా అది అతిపెద్దది కాదు.

"ఇగ ఊర్లకు ఎట్ల పోవాలె సార్?"

కంటికి కనబడేది లెక్కపెట్టి చెప్పమన్నాను. ఫోన్ బల్ల మీద పెట్టి పరుగెత్తాడు. పది నిమిషాలకు వచ్చి ఒక్కొక్కటే చెప్పాడు. చక్రాలు తొంభై ఆరు. పొడవు తన అడుగులతో ముప్పై ఎనిమిది. కర్రలతో ఎత్తిన తీగలు ఏడు. ఆగిన బస్సు దిగి నడిచిపోయిన పెళ్ళివారు ఒక గుంపు, బాజాలతో సహా. ఆ చివరిది ఎందుకు లెక్కపెట్టాడో గానీ, నేను తీసేయలేదు. 'ముత్తంగిలో తొంభై ఆరు చక్రాలకు బ్రేక్' అని శీర్షిక పెట్టాం. రాజేశ్వరి గారు దాన్ని పేజీ నెత్తిన మూడు కాలమ్‌లలో అతికించారు.

మర్నాడు ఉదయం ఏడింటికి పోటీ పత్రిక తెరిస్తే 'ఆసియాలోనే అతిపెద్ద' ఐదు కాలమ్‌లు పరుచుకుని ఉంది. చౌరస్తాలో టీ తాగుతూ దాన్ని చదువుతుండగానే రెండో ట్రెయిలర్ నా ముందు నుంచి వెళ్ళింది. యాదగిరి నిన్న లెక్క చెప్పినదానికంటే చాలా పొడవు. అది ముత్తంగి చేరేసరికి జనం చేతుల్లో రెండు పత్రికలూ ఉన్నాయట. యాదగిరి మేనమామ పోటీ పత్రిక విలేకరిని పట్టుకుని నిలదీశాడట: "ఏంది బిడ్డా, రాత్రికి రాత్రి ఆసియా పెరిగిందా?"

మూడో సవరణ రాలేదు, కార్డు యాదగిరి జేబులోనే ఉంది. 'అతిపెద్ద' అని రాసే ముందు వెనక ఇంకేం వస్తోందో రోడ్డు మీదికి వెళ్ళి అడగాలి. ఆ ఉదయం నేను నేర్చుకున్నది అంతే.