నేను సున్నా అని రాసిన ఊరికి బస్సులో

తిరుపతిలో ఒక కాలేజీలో గణాంకశాస్త్రం చెబుతాను. రెండేళ్ళ కిందట ఒక ఆఫీసు అడిగితే కొన్ని పల్లెలకు లెక్క కట్టి ఇచ్చాను. ఎస్సీలు, తక్కినవాళ్ళు ఏ ఊళ్ళో ఎంత ఎడంగా బతుకుతున్నారో ఒక్క అంకెలో చెప్పే లెక్క అది. ప్రతి వార్డులోనూ రెండు వర్గాలూ ఒకే పాళ్ళలో ఉంటే సున్నా వస్తుంది. వీళ్ళున్న వార్డులో వాళ్ళు అసలే లేకపోతే ఒకటి వస్తుంది. పుత్తూరు అవతల ఒక పల్లెకు దాదాపు సున్నా వచ్చింది. అందరూ కలిసే నివసిస్తున్నారని రాసి, సంతకం పెట్టి మరిచిపోయాను. పోయిన నెల ఆ పల్లె నుంచి కాంతమ్మ అనే ఆవిడ ఉత్తరం రాసింది. మా ఎస్సీ కాలనీ దగ్గర బస్సు ఆపండి అని వాళ్ళు అర్జీ పెట్టుకుంటే, ఊళ్ళో స్టాపు ఉంది, కాలనీ వేరుగా ఏమీ లేదు అని నా నివేదిక నకలు జతచేసి తిప్పి పంపారట. కింద ఒకే మాట ఉంది: "మేమంతా కలిసి యాడ ఉండామో మీరే వచ్చి సూపించండి మేడమ్." చదవగానే ఒళ్ళు మండింది. రెండోసారి చదివాక ఆ మంట నా మీదికే తిరిగింది.

శనివారం పొద్దున ఏడింటికి తిరుపతిలో బస్సెక్కితే ఎనిమిదిన్నరకు పుత్తూరులో దిగాను. బస్టాండు ఎదురు సందులో ఒక చిన్న హోటల్లో ఎర్రకారం దోసె నలభై రూపాయలు. కారం సగమే వెయ్యమన్నాను. పెనం దగ్గరున్న పెద్దాయన దోసెలో ఒక పక్కంతా ఎర్రగా పూసి, రెండో పక్క తెల్లగా వదిలేసి తెచ్చిచ్చాడు. ఇదేంటి పెద్దాయనా అంటే, "మొత్తం మీద సగమే గదా మేడమ్!" అన్నాడు. నవ్వుతూనే తిన్నాను. ఒక పక్క చప్పగా ఉంది, ఇంకో పక్క నోరు మండింది.

తొమ్మిదింబావుకు నగరి వైపు వెళ్ళే పల్లె బస్సు దొరికింది. ఆధార్ చూపిస్తే కండక్టర్ సున్నా రూపాయల టికెట్ చించి ఇచ్చాడు. కాలనీ దగ్గర దిగుతానంటే నా వైపు వింతగా చూశాడు.

"ఆడ స్టాపు లేదు మేడమ్. ఊర్లో దిగి నడుచుకోని పోవల్ల."

"బస్సు ఆ దారినే కదా పోయేది?"

"పోతాది. ఆపేదానికి లేదు."

ఊళ్ళో దిగాను. నన్ను దించిన బస్సు, సగం సీట్లు ఖాళీగా, నేను వెళ్ళాల్సిన దారినే నా ముందు పోయింది. ఒకటిన్నర కిలోమీటరు మామిడి తోటల మధ్య నడిచాను. రోడ్డు పక్కన నడవడానికి జానెడు చోటు లేదు. ఇరవై నిమిషాలు పట్టింది. ఊరి చివరి ఇంటికీ, కాలనీ మొదటి ఇంటికీ మధ్య ఒక్క గడప కూడా లేదు.

కాంతమ్మ వసారాలో కాలు చాపుకొని కూర్చుంది. మోకాలి కింది నుంచి పాదం దాకా, విరిగిన ఎముకకు వేసే పుత్తూరు కట్టు. నగరిలో మగ్గాల షెడ్డులో పని చేస్తుందట. వానలో స్టాపుకు నడుస్తూ, లారీకి దారి ఇవ్వబోయి కల్వర్టు మీద నుంచి జారిందట. ఇప్పుడు కట్టు మార్చుకోవడానికి వారం వారం పుత్తూరు పోవాలి, దానికి మళ్ళీ ఆ రోడ్డే నడవాలి.

"ఆడోళ్ళకి టికెట్టు ఫ్రీ అంట. బస్సు ఆగితే గదా మేడమ్ ఫ్రీ అయ్యేది!" అంది.

వార్డుల సంగతి అడిగాను. కాంతమ్మ సుద్దముక్క తీసుకొని నేల మీద ఒక కొసన ఊరు, ఇంకో కొసన కాలనీ గీసింది. రెంటినీ కలుపుతూ నిలువునా గీతలు లాగి ఐదు పట్టీలు చేసింది. ఒక్కో పట్టీ ఒక్కో వార్డు. ప్రతి వార్డులోనూ కొంచెం ఊరు, కొంచెం కాలనీ.

"మా ఓట్లు ఐదు తుంటలు సేసినారు. మేం నిలబెట్టినోళ్ళు ఇంతవరకు ఒక్క వార్డు గెలిసింది లేదు."

పొద్దున తిన్న దోసె గుర్తొచ్చింది. కారం పక్క, తెల్ల పక్క రెండూ వచ్చేలా దాన్ని ఐదు ముక్కలు కోస్తే, ప్రతి ముక్కలోనూ సగం కారం ఉంటుంది. నేను చేసింది ఆ ముక్కలు లెక్కపెట్టడమే. వార్డుల పట్టిక చూశాను గానీ మ్యాప్ అడగలేదు. నేనూ ఊరి వైపు ఇంట్లో పుట్టినదాన్నే, మా వాకిట్లో ఎప్పుడూ బస్సు ఆగేది. అందుకే అడగాలని తట్టలేదేమో. తిలాపాపం తలా పిడికెడు అంటారు, ఇందులో నా పిడికిలి చాలా పెద్దది. అక్కడే కూర్చుని వార్డుల బదులు వీధుల వారీగా మళ్ళీ లెక్క కట్టాను. ఏ వీధిలో ఎవరుంటారో కాంతమ్మ చెబుతూ పోయింది. ఊరి వీధుల్లో ఒక్క ఎస్సీ ఇల్లు లేదు, కాలనీ వీధుల్లో వేరేవాళ్ళ ఇల్లు లేదు. ఒకటి వచ్చింది. అంతకు మించి ఆ లెక్కలో అంకె లేదు.

ఆ రోజే ఆమె కట్టు మార్చుకోవాలి. ఆటో పిలుస్తానన్నాను. "ఈ పొద్దు మీరుండారు. వచ్చే వారం?" అని కర్ర తీసుకొని లేచింది. పదకొండుకు బయలుదేరాం. కట్టు కాలు ఈడ్చుకుంటూ, లారీ వచ్చినప్పుడల్లా ఆగుతూ నడిచింది. ఊరి స్టాపు కూతవేటు దూరంలో కనబడుతుండగా బస్సు వెనక నుంచి వచ్చి మమ్మల్ని దాటిపోయింది. చేతులు ఊపాను, అరిచాను. కాంతమ్మ చెయ్యి ఎత్తలేదు. "ఇంగొకటి ఒంటిగంటకి ఉండాది. పోయి కూసుందాం రామ్మా" అంది. టైము చూసుకున్నాను. నాకు ఇరవై నిమిషాలు పట్టిన దారి ఆమెకు గంట.

తిరిగొచ్చి పాత నివేదిక తప్పని రాసి, సుద్దతో గీసిన ఆ పటం కాగితం మీదికి ఎక్కించి, సంతకంతో ఆఫీసుకు పంపాను. ఒక నకలు కాంతమ్మకూ పంపాను. పరిశీలిస్తామని జవాబు వచ్చింది. నా తప్పు సున్నాను నమ్మడానికి వాళ్ళకు ఏ పరిశీలనా అక్కర్లేకపోయింది. నిజానికి మాత్రం కావాలట! బస్సు ఇంకా అక్కడ ఆగడం లేదు. కాంతమ్మ కట్టు ఇంకా విప్పలేదు. ఏ లెక్కలోనైనా సున్నా కనబడితే గీతలు ఎవరు గీశారో అడగడం ఇకమీదట నా క్లాసు పిల్లలకు మొదటి పాఠంగా చెబుతాను. అది నేను యాభై ఏళ్ళకు నేర్చుకోవడం సిగ్గుగా ఉంది.

ఆ దారిలో వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. గొడుగు, నీళ్ళు దగ్గరుంచుకోండి. పుత్తూరు దాటాక కండక్టర్ వచ్చినప్పుడు కాలనీకి టికెట్ అడగండి. స్టాపు లేదంటాడు. అయినా అడగండి.