ప్లాస్టిక్ బూట్లు సాగుతాయనుకున్నాను

నవ్వనంటేనే చెప్తాను. మొన్న ఒక మధ్యాహ్నమంతా నా రెండు కాళ్ళూ ఇంక నావి కావనే అనుకున్నాను. అంత భయం పురిటినొప్పుల్లో కూడా పడలేదు!

నేను టెక్కలిలో ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీని కదా. హిమాలయాల్లో స్కీయింగు, అదే మంచు మీద జారే ఆట, నేర్పే క్యాంపుకి నా పేరొచ్చింది. మనకి మంచంటే పొద్దున్నే జీడితోటల మీద దిగేదే! సామాను లేకుండా వెళ్తే పరువు పోదా అని ఒకటే కంగారు. పలాస, కాశీబుగ్గ చెప్పుల షాపులన్నీ తిరిగాను. "స్కీ బూట్లున్నాయా?" అంటే ఒకాయన "స్కిన్ కలర్లోనా అమ్మా?" అన్నాడు.

ఆఖరికి వైజాగ్‌లో, ఓడల్లోంచి దిగిన పాత ఫారిన్ సామాన్లు అమ్మే కొట్లో దొరికాయి. నా కంటే పొడుగాటి ఎర్ర స్కీలు, అంటే కాళ్ళకి తగిలించుకుని జారే బద్దలు, వాటికి జతగా నల్ల ప్లాస్టిక్ బూట్లు. పిక్కల దాకా ఉన్నాయి, ఒక్కోదానికి వరసగా ఇనప క్లిప్పులు. వేసుకుంటే వేళ్ళు ముడుచుకుపోయాయి.

"టైటుగా ఉన్నాయండీ."

"కొత్తలో అలాగే ఉంతాయి మేడం. రెండ్రోజులు ఏసుకు తిరిగితే అవే సాగుతాయి."

నమ్మేశాను. స్కీలు గోనెలో చుట్టి పాసింజరు రైల్లో తెస్తుంటే పక్కావిడ "తెడ్లు ఏ పడవకమ్మా?" అని అడిగింది.

ఇంటికొచ్చాక మా బావ, అంటే మా ఆయన, బూటు మీద వేలితో టకటకా కొట్టి చూశాడు. "ప్లాస్టిక్ బకెట్టు ఎప్పుడైనా సాగిందేటే?"

"నీకేటి తెలుసు, ఇది ఫారిన్ ప్లాస్టిక్కు!"

మంగళవారం ప్రయాణమనగా ఆదివారం ఉద్దానంలో అత్తోరింటికి వెళ్ళాం. సముద్రం పక్కనే ఇసక దిబ్బలు. మంచు లేకపోతేనేం, ఇసకలో ప్రాక్టీసు చేద్దాం, బూట్లూ సాగుతాయి అనుకున్నాను. మందపాటి సాక్సులు ఒకదాని మీద ఒకటి తొడిగి, క్లిప్పులన్నీ బిగించి, స్కీలు తగిలించుకుని దిబ్బ మీద నిలబడ్డాను. అంగుళం కదిలితే ఒట్టు!

"బావా, కాస్త తొయ్యి."

తోశాడు. స్కీలు ఊడి అక్కడే ఉండిపోయాయి. నేను బోర్లా కిందికెళ్ళాను.

లేచి బూట్లు విప్పబోతే క్లిప్పుల్లో ఇసక దూరి బిగుసుకుపోయాయి. బావ లాగాడు, రాలేదు. ఆ బూట్లతోనే ఏనుగులా అడుగులేసుకుంటూ ఇల్లు చేరాను. ఎండకి నల్ల ప్లాస్టిక్ కాలిపోతోంది, లోపల కాళ్ళు పొంగుతున్నాయి. అత్త కొబ్బరినూనె పోసింది. సబ్బునీళ్ళు పోసింది. బావ అరుగు కమ్మీకి కాలు తన్నిపెట్టి లాగాడు. క్లిప్పులు వచ్చాయి గానీ, కాళ్ళు రాలేదు!

కాసేపటికి వేళ్ళు తిమ్మిరెక్కాయి. ఇంకాసేపటికి వేళ్ళున్నాయో లేవో కూడా తెలీలేదు. చెమటలు పట్టేశాయి. క్యాంపు సంగతి దేవుడెరుగు, రేపట్నుంచి గ్రౌండులో విజిల్ వేసుకుంటూ పరిగెత్తగలనా?

"ఓలమ్మో! పిల్ల కాళ్ళు ఎలిపోతన్నాయిరా, ఏటో సెయ్యరా!" అని అత్త ఏడుపు అందుకుంది.

బావ లోపలికెళ్ళి రంపం పట్టుకొచ్చాడు.

"బావా! బూటు ఎక్కడ దాకా ఉందో, కాలు ఎక్కణ్ణుంచి ఉందో తెలుసా నీకు?"

"సూసుకుని కోత్తాను లేవే."

"వద్దు! దూరం పెట్టు!"

అప్పుడు వెలిగింది. పిల్లలకి కాలు వాస్తే నేనేం చేస్తాను? ఐసు పెడతాను! కానీ కరెంటు పొద్దున్నుంచీ లేదు, ఫ్రిజ్జులో గోరువెచ్చని నీళ్ళు. ఊళ్ళో ఐసు ఉండేది ఒక్కచోటే, ఒడ్డున చేపల పెట్టెల్లో. బావ మోపెడ్ మీద వెనక కూర్చుని, బూట్లు రెండూ అటూ ఇటూ చాపుకుని వెళ్ళాను. చేపలమ్మే నూకాలమ్మ పెట్టె మూత తీసీ తియ్యగానే ముందూ వెనకా చూడకుండా రెండు కాళ్ళూ లోపల పెట్టేశాను. కానాగంత చేపల మధ్యలో!

"ఏటమ్మా ఈ పని! పంతులమ్మవు కాదేటి?" అని ఆవిడ కేకలు. "నీ కాళ్ళు నానిన సేపలు ఎవులు కొంతారు?"

"నేనే కొంటానమ్మా, అన్నీ నేనే కొంటాను, కాసేపుండనీ!"

ఒడ్డున జనమంతా చుట్టూ మూగారు. అందులో నా దగ్గర కబడ్డీ నేర్చుకునే పిల్ల తల్లి కూడా ఉంది. ఆవిడ నమస్కారం పెట్టింది. పెట్టెలోంచే నేనూ పెట్టాను.

చల్లదనానికి వాపు కాస్త తగ్గినట్టుంది. బావ బూటు పట్టుకుని ఊపిరి బిగించి ఒక్క గుంజు గుంజాడు. టప్‌మని ఊడింది! బూటుతో సహా ఆయన వెల్లకిలా పడ్డాడు. రెండోదీ అంతే. పాదాలు తెల్లగా, నలిగిపోయిన గుడ్డల్లా ఉన్నాయి గానీ, వేళ్ళన్నీ ఉన్నాయి. నేను ఒక్కోదాన్నీ పట్టుకుని చూసుకుని గట్టిగా ఏడ్చేశాను.

సాయంత్రం ఎస్టీడీ బూత్ నుంచి క్యాంపుకి ఫోన్ చేస్తే, "బూట్లు, స్కీలు అన్నీ మేమే ఇస్తాం మేడం" అన్నారు. బావ కానాగంతల పులుసు ఇంకో రెండు గరిటెలు వేసుకున్నాడంతే.

సరే, వెళ్ళాను. మొదటి రోజు ట్రైనింగిచ్చే సారు అందర్నీ వరసలో నిలబెట్టి అడిగాడు, "ఇలాంటి చలిలో స్కీ బూట్లతో నిలబడ్డం ఎవరికైనా అలవాటుందా?" అని. అబద్ధం ఎందుకు, చెయ్యెత్తాను. ఎత్తింది నేనొక్కదాన్నే! ఆయన తెగ సంతోషపడిపోయి, అనుభవం ఉందని నన్ను తిన్నగా కొండ మీదికి పంపేశాడు.

అక్కణ్ణుంచి ఎలా దిగానంటారా? స్కీలు చంకలో పెట్టుకుని, మంచు మీద కూర్చుని జారుకుంటూ వచ్చాను!