వేలాడే తీగ కొస

మా చెల్లెలికి వేలాడే దారం కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. ఎదుటి మనిషి చొక్కాకి పోగు లేచి ఉంటే, మాట వింటూనే తుంచేస్తుంది. మా బావతో మొదటిసారి మాట్లాడిన రోజూ అదే పని చేసిందట. ఆయన దాన్ని ప్రేమ అనుకున్నాడు, పాపం.

ఇప్పుడామె ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్‌లో చొక్కాలకు నమూనాలు గీసి, బట్ట కత్తిరించే కార్ఖానాకు పంపుతుంది. వైఫై మాత్రం ఆమె గది గడప తొక్కదు. చుట్టపుచూపుగా వాళ్ళింటికి వెళ్ళిన నేను నాలుగు దేశాలు తిరిగి, అడ్డమైన పుస్తకాలన్నీ చదివినవాణ్ణి. నా నోరు ఊరుకుంటుందా? తీగలు నేను లాగుతానన్నాను.

రౌటర్ నుంచి ఒక తీగ స్విచ్ అనే చిన్న డబ్బాకి, ఆ డబ్బా నుంచి కంప్యూటర్‌కి ఒకటి, టీవీకి ఒకటి. పని గంటలో అయింది. పూర్వం బాటసారులు నాలుగు దారుల కూడలిలో ఎలా విడిపోయేవారో అన్న నా ఉపన్యాసం మాత్రం అవలేదు. బావ కునుకు తీశాడు. రేపోమాపో కొనబోయే ప్రింటర్ కోసం ఇంకో తీగను డబ్బాకి గుచ్చి, రెండో కొస వదిలేశాను.

మర్నాడు సాయంత్రంలోగా నమూనాలు చేరకపోతే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తామని కార్ఖానావాళ్ళు ముందే చెప్పారు. మధ్యాహ్నానికి చెల్లెలు అంతా సిద్ధం చేసింది. పంపబోతే నెట్ లేదు. డబ్బా మీద దీపాలన్నీ పూనకం వచ్చినట్టు కొట్టుకుంటున్నాయి. నేను నెట్ కంపెనీని తిట్టాను, ఎలుకల్ని అనుమానించాను, చివరికి బావ టీవీ మీద పడ్డాను.

“నా టీవీ ఏం చేసింది బావా? నిన్న నువ్వు ఉపన్యాసం చెబుతున్నప్పుడు కూడా బుద్ధిగానే ఉంది,” అన్నాడాయన.

చెల్లెలు డబ్బా ముందు కూర్చుంది. కుట్టు తప్పితే ఆఖరి కుట్టు ముందు విప్పడం ఆమె పద్ధతి.

“పొద్దున ఆ తోక వేలాడుతుంటే చూడలేక ఖాళీ కన్నంలో దోపాను అన్నయ్యా,” అంటూ పీకేసింది.

దీపాలు శాంతించాయి. ఒకే తీగ రెండు కొసలూ ఒకే డబ్బాలో ఉంటే, పంపిన కబురు అక్కడే గానుగెద్దులా తిరుగుతుంది, మరో కబురుకి దారి ఇవ్వదు. ఈ సంగతి నాకు తెలుసు. పొద్దున రెండు కొసలూ దోపి ఉన్న ఆ తీగను చూశాను కూడా. ఎంత పొందిగ్గా సర్దానో అని నన్ను నేనే మెచ్చుకుని, బావను పిలిచి మరీ చూపించాను.

చీకటి పడకముందే ఫైలు చేరిందని, కత్తిరింపు మొదలుపెట్టామని కార్ఖానా నుంచి కబురొచ్చింది. చెల్లెలు ఆ తీగ కొసకి గుడ్డముక్కతో చిన్న టోపీ కుట్టి తొడిగింది.

ఇక రేపు బయల్దేరతానని నేను సంచి తీశాను. చెల్లెలు దాని పట్టీకి వేలాడుతున్న పోగును తుంచుతూ, “ప్రింటర్ వచ్చేదాకా ఉండు,” అంది. “దాన్ని ముట్టుకోనంటేనే.”